గడియ లేని తలుపు

మళ్ళీ ఆ పాట పెట్టి పోకు బాబూ, నీకు దండం పెడతాను! ఇందాకటి అమ్మాయి కూడా ఇలాగే 'ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి' అని మాయమైంది. ఆ పీపీ పాట వినీ వినీ చెవులకు చిల్లులు పడ్డాయి.

ఏంటీ? మొదటి నుంచీ చెప్పాలా? అంటే ఆ అమ్మాయికి చెప్పిందంతా గాలికి పోయినట్టేనా? బాగుంది! మీరంతా ఒకే చోట కూర్చుంటారు కదా, ఒకరితో ఒకరు మాట్లాడుకోరా?

సరే, విను. మీ తాళం దానంతట అదే తెరుచుకుంటోంది.

ఆ, తలుపు తాళమే. నల్లగా నిగనిగలాడుతూ ఉంటుందే, వేలు పెడితే తెరుచుకునేది, ఫోన్‌తో కూడా తెరుచుకునేది, అదే. వేసేటప్పుడు చిటుక్కుమని ఇల్లంతా వినపడుతుంది. తెరుచుకునేటప్పుడు మాత్రం పిల్లి నడిచినట్టే, చప్పుడుండదు. ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వస్తుంది, అంతే. నేను తాళం వేసి, ఎర్ర దీపం చూసుకుని, పిడి పట్టుకుని లాగి చూసి మరీ మెట్లు దిగుతాను. తిరిగొచ్చేసరికి పచ్చ దీపం! తోస్తే తలుపు వచ్చేస్తుంది.

మొదటిసారి నా మతిమరుపు అనుకున్నాను. తర్వాత కూడా అలాగే సరిపెట్టుకున్నాను, వయసు మీద పడుతోంది కదా అని. కానీ ఇవాళ వీధి చివర వాళ్ళకి పరదాలు ఇచ్చేసి ఇలా వెళ్ళి అలా వచ్చాను బాబూ. మళ్ళీ పచ్చ దీపమే. ఒళ్ళు మండిపోయింది. అందుకే ఫోన్ పట్టుకున్నాను.

గట్టిగా మాట్లాడాలా? కుదరదు. లోపల గదిలో మా అమ్మాయి నిద్రపోతోంది. ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ దానిది. పొద్దున్నే వచ్చి ఇంత తిని పడుకుంటుంది, సాయంత్రం దాకా లేవదు. నేనూ లేపను. ఆ పిల్లకి కంటి నిండా నిద్ర పడుతున్నదే ఈ ఇంటికి వచ్చాక. నువ్వే కాస్త చెవి పెట్టి విను.

బ్యాటరీలా? మార్చాను. ఆ, అన్నీ మార్చాను. ప్లస్సూ మైనస్సూ చూసే పెట్టాను బాబూ. దర్జీదాన్ని నేను, స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేదాన్ని. కుడి చెయ్యి ఏదో ఎడమ చెయ్యి ఏదో తెలియకపోతే నాకు గడిచేదెలా? స్క్రూడ్రైవర్ లేక కత్తెర మొనతో మూత ఊడదీశాను, మొన కాస్తా వంగిపోయింది. ఇదివరకైతే ఇలాంటివన్నీ మా అల్లుడు చూసుకునేవాడు.

నవ్వకు గానీ, ఈ ఇంటి సంగతి విచిత్రంగా ఉంది. మిగతావన్నీ వాటంతట అవే బాగుపడుతున్నాయి, మీ తాళం ఒక్కటే పాడవుతోంది! వంటింట్లో కుళాయి, మేం వచ్చిన రోజు నుంచీ చుక్క చుక్కా కారుతూ ప్రాణం తీసేది. ఒకరోజు చూద్దును కదా, ఆగిపోయింది. హాల్లో ఇంటివాళ్ళ గడియారం, ఎప్పుడు ఆగిందో ఏమో, ఇప్పుడు చక్కగా నడుస్తోంది. కింద ఇంటావిడ ఎవరినో పంపించి బాగు చేయించి ఉంటుంది, పాపం. ఆవిడకి చూపు ఆనదు గానీ మనసు మంచిది.

యాప్ తీయాలా? మాట్లాడుతూ ఉండగానే? లైన్ కట్ అయితే నేను మళ్ళీ ఆ పాట దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, ముందే చెప్తున్నా. సరే, స్పీకర్‌లో పెట్టాను. నువ్వు కూడా మెల్లగా మాట్లాడు.

తీశాను. పైన 'అత్తయ్యగారి ఇల్లు' అని ఉంది. ఆ, దాని పేరు అదే. కింద తాళం బొమ్మ. ఆ పళ్ళ చక్రం నొక్కాలా? నొక్కాను. పలకట్లేదు. బూడిద రంగులో చచ్చినట్టు పడుంది. ఇంకా గట్టిగా నొక్కడానికి ఇదేమన్నా మిషన్ పెడలా బాబూ? అసలు నా వేళ్ళంటేనే దీనికి పడదు. సూదిపోట్లు తినీ తినీ ముద్రలు అరిగిపోయాయి. తలుపు దగ్గరా అంతే, వేలు పెడితే ఎవరు నువ్వు అన్నట్టు చూస్తుంది.

నా పేరు పక్కన ఏముందా? ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ... 'అతిథి' అని ఉంది.

అతిథి ఏంటి? ఊడ్చేది నేను, తుడిచేది నేను, అద్దెకి పూచీ నేను, నా ఇంట్లో నేను అతిథినా? మా అమ్మాయి పేరు పక్కన? అదీ అతిథేనా! మరి ఇంట్లోవాళ్ళు ఎవరట?

ఓహో. యజమాని ఒక్కరే ఉంటారా.

పేరు చదవకు బాబూ. నాకు తెలుసు.

ఉంటే ఉందిలే, పేరేగా. తాళం పెట్టించిన రోజు ఆయనే అన్నీ చేశాడు, ఆయన ఫోన్‌తోనే మొదలుపెట్టాడు. మా అత్తగారికి కానుక అని అందరి ముందూ తలుపుకి బిగించాడు. ఇప్పుడు తాళం నా తలుపుకి ఉంది, ఆయన ఎక్కడో ఉన్నాడు. ముందు దీని జబ్బు కుదర్చు, పేర్ల సంగతి తర్వాత.

యజమాని ఒప్పుకుంటేనే చెరిపి మొదటి నుంచి పెట్టగలవా? ఆయన ఫోన్‌కి మెసేజ్ పంపిస్తావా?

వద్దు! ఆగాగు. పంపకు.

ఎందుకంటే... ఆయన లేరు బాబూ. పోయారు.

అవును. మా అల్లుడే. అయ్యో, నువ్వు బాధపడకు, నీకేం తెలుసు. మంచి మాట అన్నావు, చాల్లే.

ఏ పత్రం? మరణ ధ్రువపత్రమా? ఫోటో తీసి యాప్‌లో పెట్టాలా? అది... ఇప్పుడు దగ్గర లేదు. తర్వాత వెతికి పెడతాను. ముందు నువ్వు పని కానిచ్చేయ్. ఏం, తల్లి వయసుదాన్ని, నా మాట మీద నమ్మకం లేదా?

పైవాళ్ళని అడగాలా? అడుగు. పాట మాత్రం పెట్టకు. బాబూ? పెట్టకు అంటే...

పెట్టేశాడు.

ఛ, ఏం నోరు నాది! ఏం మాట అన్నాను! కన్నతల్లిని, గది తలుపు అవతల పిల్ల పడుకుని ఉండగా, దాని మొగుడు పోయాడని నా నోటితో నేనే అనేశాను. మా అమ్మ ఉంటే చెంప పగలగొట్టేది. అయితే అన్నందుకు బాధేమన్నా ఉందా అంటే, వెతుక్కున్నా కనిపించట్లేదు. అంత దూరం తెచ్చాడు వాడు నన్ను. గుమ్మంలో ఎదురెళ్ళి 'రండి బాబూ' అని పిలిచిన నోరే ఇది. కొడుకు లేని లోటు తీర్చాడని ఊరంతా చెప్పుకున్న నోరే.

ఆ! వచ్చావా? ఏమీ లేదు, నాలో నేనే అనుకుంటున్నాను. అంతా రికార్డ్ అవుతుందా? అవనీ.

ఏమైంది? ఎందుకలా నసుగుతున్నావు?

పంపేశారా? ఎవరు? నువ్వు పంపలేదా? సిస్టమ్ దానంతట అదే పంపిందా? మీ దగ్గర కూడా అన్నీ వాటంతట అవే జరుగుతాయన్నమాట! మరి ఏముంది ఆ మెసేజ్‌లో? నా పేరు ఉందా? నేను ఆయన పేరు తీసేయమంటున్నానని ఉందా?

జవాబు కూడా వచ్చిందా.

అప్పుడేనా.

'నిరాకరించారు.'

చెప్పు బాబూ, అడుగు, మొహమాటపడకు. పోయిన మనిషి నిరాకరించడమేంటి ఆంటీ అని అడగలేక నీళ్ళు నములుతున్నావు కదూ? అబద్ధం ఆడాను. వాడు నిక్షేపంలా ఉన్నాడు. నీకూ నాకూ లేని ఆరోగ్యం వాడికుంది.

కోపం తెచ్చుకోకు. కాల్ కట్ చెయ్యకు. చెప్తాను, అంతా చెప్తాను.

కొట్టేవాడు కాదు బాబూ. కొట్టి ఉంటే నాకు ముందే అర్థమయ్యేది. ఒక్క మాట గట్టిగా అనేవాడు కాదు. అన్నీ బాగు చేసేవాడు. మా ఇంట్లో మిక్సీ, పక్కింటివాళ్ళ టీవీ, మా బంధువులందరి ఫోన్లూ. ఏదైనా మొరాయిస్తే చాలు, అల్లుడుగారిని పిలవండి అనేవాళ్ళు. నవ్వుతూ వచ్చి, చెప్పులు మెట్ల కింద విప్పి, చిన్న పెట్టె తెరిచి కూర్చునేవాడు. దర్జాగా కాదు, ఒద్దికగా. నేను మురిసిపోయేదాన్ని.

వాళ్ళింట్లో మాత్రం దీపాలు, తలుపులు, ఫ్యాన్లు, కెమెరాలు అన్నీ వాడి ఫోన్‌లోనే. మా అమ్మాయి నాతో ఫోన్ మాట్లాడుతుంటే దీపాలు ఆరిపోయేవి. పెట్టేస్తే వెలిగేవి. 'వైరింగ్ ఏదో తేడా ఉందమ్మా' అనేది నాతో. ఒకసారి దాని ఫోన్ లాక్ నంబరు మార్చుకుందట. ఆ మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్తే వెనకాల తలుపుకి తాళం పడిపోయింది. మండుటెండ. ఇది తలుపు బాదుతూనే ఉంది. వాడు ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో దీన్ని చూస్తూనే ఉన్నాడు. స్పృహ తప్పి పడిపోయాక తీశాడు. సాయంత్రం వచ్చి మంచినీళ్ళు పట్టించి, 'యాప్ కాస్త మొరాయిస్తోంది, చూస్తాలే' అన్నాడట.

అప్పుడు వచ్చేసింది నా దగ్గరికి.

పోలీసులకీ చెప్పాం. కొట్టాడా అని అడిగారు. లేదన్నాం. యాప్ ఏదో మొరాయించి ఉంటుందమ్మా, ఆయన కూడా అదే చెప్తున్నాడుగా అన్నారు. వాడు మా పాత ఇంటికి వచ్చి, బెల్లు కొట్టి, నా ఎదురుగా కూర్చుని ఏమన్నాడో తెలుసా? 'పాడైన వస్తువుని వదిలేసే అలవాటు నాకు లేదండీ అత్తయ్యగారూ' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అది వస్తువా బాబూ? నా కడుపున పుట్టిన పిల్ల!

వాడు అటు వెళ్ళగానే ఇల్లు మారిపోయాం. చుట్టాలకి చెప్పలేదు. ఫోన్ నంబర్లు మార్చాం. మంచం వదిలేశాం, బీరువా వదిలేశాం, కుక్కర్ వదిలేశాం. ఎవరికీ తెలియని వీధి, మేడ మీద రెండు గదులు. వాడికి ఎలా తెలుస్తుంది? తెలిసే దారే లేదు.

ఏమన్నావు?

మళ్ళీ చెప్పు. తాళం కొత్త వైఫైకి తగిలించగానే... కొత్త చోటు ఎక్కడో యజమానికి మెసేజ్ వెళ్తుందా? మ్యాపుతో సహానా? ఎందుకూ? దొంగలు ఎత్తుకుపోతే పట్టుకోవడానికా.

ఎత్తుకొచ్చింది నేనే బాబూ.

పాత ఇంటి తలుపు నుంచి వడ్రంగి చేత విప్పించాను. పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మంచం వదిలాను కానీ దీన్ని వదల్లేదు. ఇంత గట్టి తాళం మళ్ళీ మనకెవరిస్తారు, పిల్లకి కాపలా ఉంటుంది అనుకున్నాను. వాడు తన వేలు దీంట్లో ఎక్కించుకోలేదు, అదీ నా ధైర్యం. ఎప్పుడొచ్చినా బెల్లే కొట్టేవాడు. యాప్ నా ఫోన్‌లో ఉంది, నా వేలుంది, పిల్ల వేలుంది, ఇంకెవరు తీస్తారు అనుకున్నాను. ఎంత తెలివి!

సరే. ఇప్పుడు నిజం చెప్పు. ఈ పచ్చ దీపం... తీసిందెవరో నీకు అక్కడ కనపడుతుందా?

కనపడుతుంది కానీ చెప్పకూడదా? గోప్యతా? ఎవరి గోప్యత బాబూ! నా తలుపు ఎవరు తీశారో నాకు చెప్పకపోవడం గోప్యతా? నీకు అక్క ఉందా? చెల్లెలు ఉందా? ఉంది కదా. దాని తలుపు ఇలా ఎవరైనా తీస్తే వాడి గోప్యత కాపాడతావా?

సరే, ఏడవనులే. ఏడవట్లేదు. చెప్పు.

యజమానే. అన్నిసార్లూ యజమానే.

దూరం నుంచి తీస్తున్నాడు కదూ? ఎక్కడో కూర్చుని, మమ్మల్ని బెదిరించడానికి. వాడికి అదో ఆట. దూరం నుంచే కదా బాబూ?

బ్లూటూతా?

అంటే... మా అమ్మాయి చెవిలో పెట్టుకుని పాటలు వింటుందే, అదా? పక్క గదిలోకి వెళ్తే తెగిపోతుంది. అంటే తలుపు ముందు నిలబడితే తప్ప...

ఉండు. కాస్త ఉండు. కూర్చోనీ.

కుళాయి.

గడియారం.

కింద ఇంటావిడ మొన్న మెట్ల దగ్గర నన్ను ఆపి, 'మీ అబ్బాయి ఎంత ఒద్దికైనవాడమ్మా, చెప్పులు కిందే విప్పి వెళ్తాడు' అంది. నాకు అబ్బాయి ఎక్కడున్నాడు బాబూ? చూపు ఆనక నీళ్ళ క్యాన్ వేసేవాడిని చూసి అంటోందనుకున్నాను. నవ్వి ఊరుకున్నాను. నవ్వాను!

తాళం వేస్తే చిటుక్కుమంటుంది. పిల్ల లేస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు వేయకుండా దగ్గరగా లాక్కుని పోతున్నాడు. దాని నిద్ర చెడకూడదని.

నేను బట్టలు ఇవ్వడానికి వెళ్ళే వేళలన్నీ వాడికి తెలుసు. అది ఎప్పుడు పడుకుంటుందో తెలుసు. నేను మెట్లు దిగడం, వాడు ఎక్కడం. అది లోపల ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంటే వాడు వంటింట్లో కూర్చుని కుళాయి బాగు చేశాడు. స్టూలు ఎక్కి గడియారం దించి, బ్యాటరీ వేసి, టైము సరిచేసి, మళ్ళీ తగిలించాడు.

బాబూ... ఇంకోటుంది.

మొన్న పిల్ల నిద్ర లేచి వచ్చి నన్ను వెనక నుంచి వాటేసుకుంది. 'చలేస్తోందని నీకెలా తెలిసిందమ్మా? నాకు తెలియకుండానే దుప్పటి కప్పావు' అంది. నేను కాజాలు కుట్టుకుంటూ, తల ఎత్తకుండా, ఆ అన్నాను.

నేను కప్పలేదు.

ఉన్నావా? ఏం చెయ్యనో చెప్పు.

అవును, ఆ నంబరుకి చేస్తాను, పోలీసులకే చేస్తాను. ఫోన్ ఒక్కటేగా నా దగ్గర, నీతో మాట్లాడుతూ వాళ్ళకెలా చెయ్యను? నువ్వు చెయ్యి. నీ పక్కవాళ్ళ ఫోన్‌తో చెయ్యి. అడ్రసు నీ దగ్గర ఉందిగా? వాడికి పంపారుగా, ఆ మ్యాపే వాళ్ళకీ పంపు. ఈసారైనా తాళం మొరాయిస్తోందని చెప్పకు. మనిషి వస్తున్నాడని చెప్పు.

నేను ఈలోపు ఏదో ఒకటి చేస్తాను. బ్యాటరీలు పీకేయనా? పీకేస్తే ఏమవుతుంది? తెరుచుకునే ఉండిపోతుందా? మంటలు గింటలు వస్తే లోపలివాళ్ళు చిక్కుకోకుండానా. ఎంత ముందుచూపు బాబూ మీది! అన్నీ ఆలోచించారు.

ఇంకో తలుపు లేదు. మేడ మీద ఇల్లు, ఇదే దారి. మిషన్ అడ్డం లాగుతున్నాను. ఇనపది, బరువే. ఆ చప్పుడు అదే. కంగారు పడకు.

యాప్ ఇంకా తెరిచే ఉంది. ఉండు, ఏదో కదులుతోంది. పైన పేరు గిర్రున తిరుగుతోంది.

పేరు మారింది బాబూ.

'అత్తయ్యగారి ఇల్లు' పోయింది. 'మా కొత్త ఇల్లు' అని వచ్చింది.

నువ్వు మార్చావా? నువ్వే కదా? బాబూ, నువ్వే అని చెప్పు.

ష్... కింద ఎవరో పిలుస్తున్నారు. ఇంటావిడ. ఏమంటోంది? 'మీ అబ్బాయి వచ్చాడమ్మోయ్!' అంటోంది. సంబరంగా చెప్తోంది. నేను కిటికీలోంచి చూస్తే మెట్ల కింద కనపడుతుంది. చూడను. నాకు తెలుసు, పక్కపక్కన సర్ది పెట్టి ఉంటాయి. వాడు చెప్పులు ఎప్పుడూ అలాగే పెడతాడు.

ఏమ్మా... లేచావా? ఏం లేదు అమ్మలూ. తాళం కంపెనీవాళ్ళు, ఫోన్‌లో. మిషన్ జరుపుతున్నాను, అంతే. నువ్వు గదిలోకి వెళ్ళు. వెళ్ళి తలుపు వేసుకో. దానికి గడియ ఉంది కదా? పెట్టుకో. ఎందుకేంటే, చెప్పిన మాట విను! నేను పిలిస్తే తప్ప తీయకు. నా గొంతైతే తప్ప తీయకు.

బాబూ, రికార్డ్ అవుతోందన్నావుగా? చెరిపేయకండి. ఇది కూడా దాంట్లో ఉండనీ.

ఈ ముందు తలుపుకీ గడియ ఉండేది. మందపాటి ఇనప గడియ, పాతకాలంది, పెడితే ఏనుగొచ్చినా కదలదు. మీ తాళం పలక సరిగ్గా అక్కడే పడుతుందన్నాడు వడ్రంగి. పిల్ల నా కొంగు పట్టుకుని అడిగింది. 'గడియ ఉంచమ్మా, ఆ తాళం నాకు వద్దమ్మా, మామూలు తాళం కొందాం' అంది. నేను కసిరాను. 'పిచ్చిదానా, ఇది ఉండగా ఈగ కూడా దూరదు' అన్నాను. గడియ పీకించేశాను. పారేయలేదు కూడా, మిషన్ సొరుగులో ఉంది, నా చేతికి తగులుతోంది. చేతిలో పట్టుకుని ఏం చేసుకోను?

అది ఆ మాట నమ్మి నిద్రపోయింది. నా మాట నమ్మి.

మెట్ల మీద అడుగులు... తొందరేం లేదు వాడికి. మెల్లగా ఎక్కుతున్నాడు.

మిషన్‌కి వీపు ఆనించి కూర్చున్నాను. తల పక్కనే దీపం. ఎర్రగానే ఉంది. ఎర్రగానే ఉంది బాబూ.

ఇదేంటి మధ్యలో? మా సేవ ఎలా ఉందో చెప్పండి, స్టార్లు ఇవ్వండి అని వచ్చింది ఫోన్‌లో. ఇప్పుడా? దానంతట అదే వస్తుందా? సరేలే, నీ ఉద్యోగం నీది, నీ తప్పేముంది. అయిదూ ఇచ్చాను.

కింద ఏదైనా రాయమంటోంది. నా వేళ్ళకి అక్షరాలు పడవు, నువ్వే రాసుకో. తాళంలో లోపమేమీ లేదు. చక్కగా పనిచేస్తోంది.

ఇదిగో, పచ్చ దీపం వచ్చింది.